రూపధ్యానమా, నిరాకార ధ్యానమా? రూపం మనసులో నిలవని వాళ్ళు ఏం చేయాలి?

#1 పరిప్రశ్న

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఒక చిక్కు వచ్చిపడింది, పెద్దలు దారి చెబుతారని అడుగుతున్నాను.

నా ఇష్టదైవం కృష్ణుడు. పొద్దున్నే కూర్చుని ఆయన రూపాన్ని మనసులో నిలుపుకుందామని చూస్తాను. నిలవదు. కళ్ళు తలచుకుంటే మురళి పట్టిన చేతులు మాయమవుతాయి. చేతుల దగ్గరికి వెళ్తే ముఖం చెదిరిపోతుంది. మొత్తం మూర్తిని ఒకేసారి పట్టుకుందామని పంతం పడితే నుదురు బిగుసుకుపోయి తలనొప్పి మిగులుతోంది.

వేదాంతం బాగా చదివిన ఒకాయన "రూపం పట్టుకుని ఇంకెన్నాళ్ళు వేలాడతావు, అదంతా ఒకటో తరగతి పాఠం, నేరుగా నిరాకారంలోకి వెళ్ళిపో" అన్నారు. సరేనని అదీ చూశాను. ఏమీ తలచకుండా కూర్చుంటే రెండే జరుగుతున్నాయి. కునుకైనా పడుతుంది, ఆఫీసు మెయిళ్ళైనా గుర్తొస్తాయి.

రూపధ్యానం నిజంగానే తక్కువ మెట్టా? రూపం నిలవని వాడికి నిరాకారం సులువవుతుందా, ఇంకా కష్టమవుతుందా? చదివి చెప్పేవాళ్ళూ చేసి చెప్పేవాళ్ళూ ఇద్దరూ రాయండి.

#2 గీతాపాఠం

పరిప్రశ్న గారూ, మీ ప్రశ్న అర్జునుడు అడిగిందే. గీత 12వ అధ్యాయం మొదలయ్యేదే దీనితో. నిన్ను సదా ఉపాసించే భక్తులు ఒకవైపు, అక్షరమైన అవ్యక్తాన్ని, అంటే నాశం లేని, రూపానికి అందని తత్త్వాన్ని ఉపాసించేవారు ఒకవైపు, వీరిలో యోగం బాగా తెలిసినవారెవరు అని అడుగుతాడు. నాయందు మనసు నిలిపి శ్రద్ధతో ఉపాసించేవారే ఉత్తములని నా అభిప్రాయం అని కృష్ణుడు రెండో శ్లోకంలోనే తేల్చేస్తాడు. అయిదో శ్లోకంలో, దేహం ఉన్నవాళ్ళకు అవ్యక్తమార్గం కష్టంతో కూడినదంటాడు. "క్లేశోఽధికతరస్తేషాం" అన్నది అందరికీ నోటికి వచ్చే ముక్కే.

అయితే చాలామంది రెండు నుంచి అయిదుకి దూకేస్తారు. మధ్యలో మూడు, నాలుగు ఉన్నాయి. అక్షరాన్ని ఉపాసించేవారు కూడా నన్నే పొందుతారని అక్కడ స్పష్టంగా ఉంది. కాబట్టి ఆ దారి తప్పని ఎవరూ అనలేరు. కానీ వాళ్ళెలా ఉంటారో కూడా అక్కడే చెప్పాడు: ఇంద్రియాలన్నిటినీ చక్కగా అదుపులో పెట్టుకున్నవారు, అంతటా సమబుద్ధి గలవారు, సకల ప్రాణుల మేలు కోరేవారు.

"నేరుగా నిరాకారం" అనేవాళ్ళను చూస్తే నాకు ఆ నాలుగో శ్లోకమే గుర్తొస్తుంది. ట్రాఫిక్‌లో ఎవరో అడ్డం వస్తే సమబుద్ధి ఎక్కడికి పోతుందో మనకు తెలియదా? మీకు సలహా ఇచ్చిన పెద్దమనిషిని అనడం లేదు, నన్ను నేను చూసుకునే అంటున్నాను.

#3 అద్వైతబాట

గీతాపాఠం గారు చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ ప్రశ్నలోనే ఒక ముడి ఉంది, ముందు దాన్ని విప్పాలి.

పరిప్రశ్న గారు నిరాకార ధ్యానం చేశానంటున్నారు. ఏం చేశారు? కళ్ళు మూసుకుని ఒక ఖాళీని ఎదురుగా పెట్టుకున్నారు. ఆ ఖాళీ కూడా మీకు కనిపించే వస్తువే కదండీ. కృష్ణుడి బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి తెర వచ్చింది, అంతే తేడా. కేనోపనిషత్తు దీన్ని మొహమాటం లేకుండా చెబుతుంది: మనసు దేన్ని తలచలేదో, దేనివల్ల మనసు తలచగలుగుతోందో అదే బ్రహ్మమని తెలుసుకో, ఇక్కడ ఎదురుగా పెట్టుకుని ఉపాసిస్తున్నది కాదు. "నేదం యదిదముపాసతే". ఈ మాట విగ్రహానికి ఎంత వర్తిస్తుందో మీరు పెట్టుకున్న శూన్యానికీ అంతే వర్తిస్తుంది.

రమణ మహర్షి తమిళంలో రాసిన 'ఉళ్ళదు నార్పదు' (సత్యం మీద నలభై పద్యాలు) నాలుగో పద్యంలో ఇంకా సూటిగా అడిగారు. తాను రూపమైతే జగత్తూ ఈశ్వరుడూ రూపాలే అవుతారు, తాను రూపం కాకపోతే వారి రూపాలను చూసేదెవరు అని. అంటే దేవుడికి రూపం ఉందా లేదా అన్న తగువు, నేను ఈ శరీరాన్ని అనుకున్నంతవరకూ తెగదు. కాబట్టి రూపం నిలవడం లేదన్న బెంగ పక్కనపెట్టి, ఎవరికి నిలవడం లేదో చూడండి.

#4 సందేహాలరావు

ఎవరికి నిలవడం లేదంటే ఆయనకే నిలవడం లేదు సార్! పాపం మళ్ళీ మొదటికొచ్చాడు.

సరదాకి అన్నాను, ఏమీ అనుకోకండి. నా సందేహం వేరు. మనం కళ్ళు మూసుకుంటే కనిపించే లక్ష్మీ, సరస్వతీ ఎవరు గీసినవాళ్ళు? చాలామందికి రాజా రవివర్మ గీసినవాళ్ళే. ఆయన 1848లో పుట్టి 1906లో పోయారు. 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్ నుంచి ఆ బొమ్మలు ఇంటింటికీ చేరాయి. అంతకుముందు భక్తులకు ఆ చీరకట్టు, ఆ వీణ పట్టుకునే తీరు అలా కనిపించేవా? మరి మనం ధ్యానిస్తున్నది దేవుణ్ణా, ఒక చిత్రకారుడి చేతిపనినా?

#5 శ్రీపాదరేణువు

సందేహాలరావు గారూ, రవివర్మకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే ధ్యానశ్లోకాలు ఉన్నాయి. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ రంగు, ఏ ఆసనం, అన్నీ వాటిలో ఉంటాయి. ఆలయ, పూజా విధానాలు చెప్పే ఆగమాల్లో విగ్రహం కొలతలు కూడా ఉన్నాయి. చీర అంచు ఎలా ఉందన్నది చిత్రకారుడి ఇష్టం, నాలుగు చేతులన్నది ఆయన ఇష్టం కాదు.

ఇక ఒకటో తరగతి మాట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. శంకరుల సిద్ధాంతంలో పరమార్థం నిర్గుణం కావచ్చు, అది వారి దర్శనం. రామానుజుల దర్శనంలో అనంత కల్యాణ గుణాలతో నిండిన నారాయణుడే పరబ్రహ్మం. ఆయన దివ్యమంగళ విగ్రహం మన సౌకర్యం కోసం అల్లుకున్నది కాదు, ఎక్కాక తన్నేసే నిచ్చెన కాదు. గీత 12లో చెప్పిన అక్షరాన్ని కూడా ఆయన పరబ్రహ్మంగా తీసుకోలేదు, జీవాత్మ స్వరూపమని వ్యాఖ్యానించారు. హిందూ ధర్మం అంతా కలిసి "రూపం కింద, అరూపం పైన" అని తీర్మానం చేసినట్టు మాట్లాడకండి, అలాంటిదేం జరగలేదు.

అద్వైతుల్లోనే చూడండి. 'అద్వైతసిద్ధి' రాసిన మధుసూదన సరస్వతి గీత 13వ అధ్యాయ వ్యాఖ్య మొదట్లో ఏమన్నారు? మనసును వశం చేసుకున్న యోగులు ఆ నిర్గుణ నిష్క్రియ జ్యోతిని చూస్తే చూసుకోనీ, మా కళ్ళకు మాత్రం యమునాతీరంలో పరుగులు తీసే ఆ నీలికాంతే పండుగ కావాలి అన్నారు. అంతటి తార్కికుడు!

పరిప్రశ్న గారూ, ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. మీరు మొత్తం మూర్తిని ఒక్కసారే కోరుతున్నారు. భాగవతం మూడో స్కంధం 28వ అధ్యాయంలో కపిలుడు తల్లి దేవహూతికి ధ్యానక్రమం చెబుతాడు. అక్కడ మొదలు ముఖం కాదు, పాదాలు. ఆ పాదాల్లో వజ్రం, అంకుశం, ధ్వజం, పద్మం గుర్తులు. ఎర్రటి గోళ్ళు, వాటి కాంతి. ఆ తర్వాతే మోకాళ్ళు, తొడలు, పట్టుబట్ట, నాభి, వక్షం, కంఠం, చేతులు, చివరికి ముఖం, ఆ ముఖంలో చిరునవ్వు. ఒక్కో అవయవం మీద మనసు కుదిరాకే తర్వాతి దానికి. మీరు బొటనవేలి గోరు దగ్గర ఆగిపోయినా నష్టం లేదు. కపిలుడు తొందరపెట్టలేదు, మీకెందుకు టెన్షన్?

#6 అద్వైతబాట

శ్రీపాదరేణువు గారూ, బాగా చెప్పారు. కానీ అదే అధ్యాయంలో ఇంకాస్త ముందుకు వెళ్ళి చదవండి. చిరునవ్వు దగ్గర మనసు కరిగాక, 35వ శ్లోకంలో ఆ మనసు ఆశ్రయాన్నీ విషయాన్నీ వదిలి ఆరిపోతుందని ఉంది. పదకొండో స్కంధం 14వ అధ్యాయంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పింది మరీ తేట. అన్ని అవయవాల మీద తిరిగే మనసును లాగి ఒక్క చోటే, నవ్వుతున్న ముఖం మీదే నిలుపు, ఇంకేమీ తలచకు. అది కుదిరాక అక్కడి నుంచీ తీసి ఆకాశంలో నిలుపు. తర్వాత దాన్నీ వదిలి, నాలోనే నిలిచి, ఇక దేన్నీ తలచకు అన్నాడు.

రూపధ్యానాన్ని అంత ప్రేమగా నేర్పిన గ్రంథమే దాన్ని ఎక్కడ వదలాలో కూడా చెప్పింది. నేను రూపాన్ని తక్కువ చేయడం లేదు. అక్కడితో ఆగకూడదంటున్నాను.

#7 శ్రీపాదరేణువు

> అక్కడితో ఆగకూడదంటున్నాను

గజేంద్రుణ్ణి అడుగుదాం. పోతన గజేంద్రుడు ఎవరిని పిలిచాడు? "ఎవ్వనిచే జనించు జగము" అన్నాడు. లోకాలు, లోకేశులు, లోకంలో ఉన్నవాళ్ళు అందరూ పోయాక ఆ పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి సేవిస్తానన్నాడు. పేరు లేదు, రంగు లేదు, చేతులు లేవు. అక్షరాలా మీ నిరాకారమే. బ్రహ్మాదులు విన్నారు, విశ్వమయత, అంటే విశ్వమంతా తామై ఉండడం, తమకు లేదు కాబట్టి ఊరకున్నారు. వచ్చిందెవరు? సిరికి చెప్పకుండా, శంఖచక్రాలు కూడా పట్టుకోకుండా, పరుగున వచ్చినవాడికి రూపం ఉంది. అరూపాన్ని పిలిస్తే రూపం వచ్చింది. మీ లెక్క ప్రకారం చూస్తే ఇది తిరుగు ప్రయాణం!

#8 సందేహాలరావు

ఈ పాయింట్ మాత్రం అదిరింది. అద్వైతబాట గారి జవాబు కోసం వెయిటింగ్.

#9 అద్వైతబాట

జవాబు ఉంది గానీ మీకు నచ్చదు. గజేంద్రుడు ఆ స్తోత్రం చేసేటప్పటికి లావు పోయింది, ధైర్యం సడలింది, నేను గెలుస్తానన్నది పూర్తిగా పోయింది. అది పోయాక ఏది వచ్చినా ఒకటే. వచ్చినదానికి రూపం ఉందని మీరంటున్నారు, పిలిచినవాడికి అహంకారం లేదని నేనంటున్నాను. రెండూ నిజమే కదా.

పనిలో పనిగా సందేహాలరావు గారికి. బ్రహ్మసూత్రాల్లో నాలుగో అధ్యాయం మొదటి పాదంలో మీ ప్రశ్న ఉంది. ప్రతీకలో, అంటే బ్రహ్మానికి గుర్తుగా పెట్టుకున్న వస్తువులో, బ్రహ్మాన్ని చూడాలి, బ్రహ్మాన్ని ప్రతీక స్థాయికి దించకూడదు. రవివర్మ బొమ్మ అయినా అంతే. చూపు ఏ దిక్కుకు వెళ్తోందన్నదే అసలు విషయం.

#10 మౌనవీణ

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. ఇంతసేపటి చర్చలో అందరూ ఒకటి ఖాయమనుకుని మాట్లాడుతున్నారు, కళ్ళు మూసుకుంటే మనిషికి బొమ్మలు కనిపిస్తాయని. నాకు కనిపించవు.

రూపం నిలవకపోవడం కాదు, అసలు రాదు. అమ్మ ముఖాన్ని కూడా నేను మనసులో చూడలేను. ఆమె ఎలా ఉంటుందో తెలుసు, ఎదురుపడితే ఇట్టే గుర్తుపడతాను, కానీ లోపల చిత్రం ఉండదు. మిగతావాళ్ళు "దేవుణ్ణి మనసులో చూడు" అంటే మాటవరసకి అంటున్నారేమో అనుకునేదాన్ని. వాళ్ళకి నిజంగానే ఏదో కనిపిస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇది జబ్బేమీ కాదు. 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ కొందరిని, పొద్దున ఫలహారం చేసిన బల్లను మనసులో చూసి ఎలా ఉందో చెప్పమని అడిగితే, కొందరు తమకేమీ కనిపించదన్నారు. 2015లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ నాడీశాస్త్రవేత్త ఆడమ్ జీమన్, ఆయన సహచరులు దీనికి అఫాంటేసియా అని పేరు పెట్టారు. పూర్తిగా ఏమీ రానివాళ్ళు కొద్దిమంది, మసకగా వచ్చేవాళ్ళు ఇంకొందరు, ఎదురుగా ఉన్నంత స్పష్టంగా చూసేవాళ్ళు మరికొందరు. పరిప్రశ్న గారు మసక బాపతు అయి ఉండొచ్చు. అది భక్తి తక్కువై కాదు, ఏకాగ్రత తక్కువై కూడా కాకపోవచ్చు.

మరి నాలాంటివాళ్ళకి రూపధ్యానం లేదా? ఉంది. నేను చేసేది ఇదీ: కళ్ళు తెరుచుకుని విగ్రహం పాదాల వైపు చూస్తాను. కాసేపటికి కళ్ళు మూస్తాను. బొమ్మ ఉండదు, కానీ ఆయన ఎదురుగా ఉన్నాడన్నది పోదు. చీకటి గదిలో పక్కన మనిషి కూర్చున్నాడని తెలిసే తీరు అది. ఆ తెలిసినదాని మీద నామం నిలుపుతాను. అది పల్చబడితే మళ్ళీ కళ్ళు తెరుస్తాను.

శాస్త్రంలో దీనికి చోటు లేదని ఎవరైనా అంటే యోగసూత్రాలు చూడమంటాను. మొదటి పాదంలోనే ప్రణవం ఈశ్వరుడి వాచకం, దాని జపం, దాని అర్థభావన అని చెప్పాడు పతంజలి. ఎక్కడా బొమ్మ గీసుకోమనలేదు. అదే పాదం 39వ సూత్రంలో, ఎవరికి ఏది ఇష్టమైతే దాన్ని ధ్యానించినా చిత్తం కుదురుతుందన్నాడు. వీరశైవులు ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని కళ్ళు తెరిచే చూస్తూ కూర్చుంటారు. సాలగ్రామానికి ముక్కూ మొహం ఉండవు. రూపం అంటే మన బుర్రలో ఆడే సినిమా అని ఎవరు చెప్పారు?

#11 పరిప్రశ్న

మౌనవీణ గారూ, మీ పోస్ట్ చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఇన్నాళ్ళూ దీన్ని నా వైరాగ్యం కొరతే అనుకుంటున్నాను. నాకు పూర్తిగా రాకపోవడం లేదు, నీళ్ళలో నీడలాగా వచ్చి పోతుంది. ధన్యవాదాలు.

శ్రీపాదరేణువు గారు చెప్పినట్టు పాదాల వరకే పరిమితమై చూస్తున్నాను. తలనొప్పి లేదు.

#12 కొత్తసాధకి

నాకు ఇంకో రకం ఇబ్బంది. నేను నిరాకారం వైపే మొదలుపెట్టాను, రూపం అంటే పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. ఎప్పుడైనా మనసు కొంచెం నిశ్శబ్దం కాగానే ఒక్కసారిగా భయం వేస్తుంది. కింద నేల లేనట్టు, పడిపోతున్నట్టు. గుండె దడదడలాడి కళ్ళు తెరిచేస్తాను. ఇది ఎవరికైనా జరిగిందా? నేనేదైనా తప్పుగా చేస్తున్నానా?

#13 అద్వైతబాట

కొత్తసాధకి గారూ, కంగారు పడకండి. గౌడపాదుల మాండూక్య కారికల్లో మూడో ప్రకరణంలో సరిగ్గా ఇదే ఉంది. దేనితోనూ అంటులేని యోగాన్ని అస్పర్శయోగమన్నారు. యోగులకు కూడా అది అందడం కష్టమని, భయం లేని చోట భయాన్ని చూసి వాళ్ళు దానికి బెదురుతారని 39వ కారిక. అంటే యోగులకే బెదురు! పట్టుకోవడానికి ఏమీ లేకపోతే 'నేను' అన్నది గిలగిలలాడుతుంది. తాను పోతానని దాని భయం.

అదే ప్రకరణం 44, 45 కారికలు నిరాకారం వైపు వెళ్ళే ప్రతివాళ్ళూ గోడకు రాసిపెట్టుకోవాలి. మనసు లయమైపోతుంటే, అంటే మత్తులోకి జారుతుంటే, మేలుకొలుపు. చెదిరిపోతుంటే శాంతపరచు. లోపల కోరికల మడ్డి ఉంటే దాన్ని గుర్తించు. ఇవన్నీ దాటి హాయి కలిగితే దాని రుచిలో పడిపోకు. పరిప్రశ్న గారి కునుకు మొదటిది, ఆఫీసు మెయిళ్ళు రెండోది. ఆయనకు రెండూ వస్తున్నాయంటే ఆయన చేస్తున్నది నిరాకార ధ్యానం కాదని కాదు, దాని గుమ్మంలో అందరికీ తగిలేవే తగులుతున్నాయని.

మగతకీ మౌనానికీ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. లేచాక చూసుకోండి. మగత అయితే తల బరువుగా ఉంటుంది, ఎంతసేపు కూర్చున్నామో మధ్యలో ఏమైందో తెలియదు. మౌనమైతే బయట కుక్క మొరిగినా వినిపిస్తూనే ఉంటుంది, కానీ దాని వెంట ఆలోచన పరిగెత్తదు.

#14 మౌనవీణ

అద్వైతబాట గారి మాటకు ఒకటి చేరుస్తాను. కొత్తసాధకి గారూ, గౌడపాదుల కారిక చదివి "ఇది పెద్ద స్థితి" అనుకుని ఆ భయంలోకి బలవంతంగా దూకకండి. భయం వచ్చిన రోజున కళ్ళు తెరిచి శ్వాస చూసుకోండి, లేదా నామం పైకి పలకండి. ఆ దడ ధ్యానం లేనప్పుడు కూడా వస్తుంటే, నిద్ర చెడుతుంటే, అది వేదాంతం ప్రశ్న కాదు. డాక్టర్‌కి చూపించుకోవాలి. ధ్యానం ఎక్కడికీ పోదు.

రూపం అంటే ఆసక్తి లేదన్నారు. ఆసక్తి పెంచుకోమని చెప్పను. కానీ భయం వేసినప్పుడు "అమ్మా" అని పిలవడానికి ఎవరైనా ఉంటే బాగుంటుంది కదా.

#15 నిర్వాహకుడు

విగ్రహారాధన మీద ఇతర మతాలతో పోలికలు తెచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఆ చర్చ ఇక్కడ వద్దు. మిగతావాళ్ళు కొనసాగించండి, ఇంతవరకూ చక్కగా నడుస్తోంది.

#16 దీపశిఖ

ఒక సాంకేతికమైన విషయం. పై చర్చలో నిర్గుణాన్ని ఉపాసించడం అసలు కుదురుతుందా అన్న ప్రశ్న దాటిపోయింది. అద్వైతబాట గారు కేనోపనిషత్తు చూపి, ఎదురుగా పెట్టుకున్నది బ్రహ్మం కాదన్నారు. అలాగైతే నిర్గుణ ధ్యానం అన్న మాటకే అర్థం ఉండకూడదు. తెలుసుకోవడం ఒక్కటే ఉండాలి.

14వ శతాబ్దపు విద్యారణ్యులు పంచదశిలో తొమ్మిదో ప్రకరణం ధ్యానదీపం మొత్తం దీనికే కేటాయించారు. ఆయన చెప్పిన ఉదాహరణ చూడండి. ఒకడు దూరంగా దీపపు వెలుగు చూసి మణి అనుకుని పరిగెత్తాడు. ఇంకొకడు మణి నుంచి వచ్చే వెలుగునే చూసి అదే మణి అనుకుని పరిగెత్తాడు. ఇద్దరూ పొరబడ్డారు, వెలుగు మణి కాదు. కానీ రెండోవాడికి మణి దొరికింది. నిర్గుణ బ్రహ్మాన్ని "అది నేనే" అని ధ్యానించడం కూడా అలాంటిదే అంటారాయన. ధ్యానంలో పట్టుకున్నది బ్రహ్మం కాకపోవచ్చు, కానీ పరుగు సరైన దిక్కుకే.

విచారణ, అంటే బ్రహ్మం ఏమిటని శోధించి తెలుసుకోవడం, చేసే బుద్ధిబలం లేనివాళ్ళు, తగిన సామగ్రి లేనివాళ్ళు ఈ ఉపాసన చేసుకోవచ్చని కూడా అన్నారు. అంటే నిర్గుణ ధ్యానం మేధావులకు మాత్రమే అన్నది ఆయన లెక్కలో తలకిందులు. మేధావులకు విచారణ, మిగతావాళ్ళకు నిర్గుణోపాసన. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, మన దగ్గర దీన్ని ఎవరూ చెప్పరు.

#17 శ్రీపాదరేణువు

దీపశిఖ గారూ, మంచి విషయం. కానీ మణి వెలుగు ఉదాహరణ రూపధ్యానానికీ సరిగ్గా సరిపోతుంది. శ్యామసుందరుడి పాదాల వెలుగు చూసి పరిగెత్తినవాడికి ఏం దొరకదంటారు?

#18 సందేహాలరావు

రామకృష్ణ పరమహంస, తోతాపురి కథ ఎవరూ ఎత్తలేదేం? ఈ టాపిక్‌లో అది రావాలే!

#19 అద్వైతబాట

మీరు అడిగారు కాబట్టి. 1864-65 ప్రాంతంలో తోతాపురి అనే అద్వైత సన్యాసి, రామకృష్ణులు ఉండే దక్షిణేశ్వరం కాళీ ఆలయానికి వచ్చి రామకృష్ణులకు అద్వైత సాధన నేర్పారు. మనసును అన్ని విషయాల నుంచి లాగగలిగారు గానీ కాళీమాత రూపం మాత్రం వదల్లేదు. ప్రతిసారీ ఆమె నవ్వుతూ ఎదురయ్యేది. నా వల్ల కాదన్నారు రామకృష్ణులు. తోతాపురి చుట్టూ చూసి ఒక గాజుపెంకు తీసి కనుబొమల మధ్య గుచ్చి, మనసును ఇక్కడ నిలుపు అన్నారు. ఈసారి రూపం రాగానే జ్ఞానఖడ్గంతో దాన్ని రెండుగా ఖండించానని రామకృష్ణులే చెప్పారు. ఆ తర్వాత మూడు రోజులు నిర్వికల్ప సమాధి, అంటే ఏ ఆలోచనా ఏ రూపమూ లేని స్థితి.

ఇష్టదేవత రూపం కూడా ఒకనాటికి అడ్డవుతుందన్నదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

#20 శ్రీపాదరేణువు

కథ సగంలో ఆపేశారండీ. మూడు రోజుల తర్వాత రామకృష్ణులు కాళిని వదిలేశారా? జీవితాంతం అమ్మా అమ్మా అంటూనే ఉన్నారు. ఒక సాయంత్రం ఆయన చప్పట్లు కొడుతూ నామం చెబుతుంటే తోతాపురి "రొట్టెలు చేస్తున్నావా ఏమిటి" అని ఎగతాళి చేశారు. ఎక్కడా మూడు రోజులకు మించి ఉండని ఆ తోతాపురే అక్కడ పదకొండు నెలలు ఉండిపోయారు, వెళ్ళేముందు ఆ అమ్మకు నమస్కరించే వెళ్ళారు.

మీ రమణ మహర్షి సంగతి కూడా అంతే. "నేనెవరు" అని అడగమన్న ఆయనే అరుణాచలం కొండను పిలుస్తూ అక్షరమణమాలలో 108 చరణాలు పాడారు. కొండ రూపం కాదా? నిరాకారం చూసొచ్చినవాళ్ళు రూపాన్ని తక్కువగా చూడడం నాకు ఎక్కడా కనిపించలేదు. చూడనివాళ్ళే చూస్తున్నారు.

#21 దీపశిఖ

చివరి వాక్యం కాస్త ఘాటుగా ఉంది గానీ కాదనలేను.

చిదంబరం వెళ్ళినవాళ్ళు గమనించే ఉంటారు. నటరాజ మూర్తి ఒకటి, రూపం. స్ఫటిక లింగం ఒకటి, రూపం ఉందీ లేదూ అన్నట్టు. పక్కనే తెర తొలగిస్తే ఖాళీ జాగా, వేలాడే బంగారు బిల్వదళాల మాల తప్ప ఏమీ లేదు. అది ఆకాశ లింగం. మూడింటికీ అదే సన్నిధిలో పూజ. లలితా సహస్రనామం రోజూ చదివేవాళ్ళు "చతుర్బాహుసమన్వితా" అంటారు, కాసేపటికి "నిరాకారా" అంటారు, గొంతు తడబడదు. తగువంతా పుస్తకం మూశాక మొదలవుతుంది.

#22 కొత్తసాధకి

మౌనవీణ గారూ, అద్వైతబాట గారూ, ధన్యవాదాలు. నామం పైకి పలకడం సాయపడుతోంది. దడ ధ్యానంలో తప్ప విడిగా రావడం లేదు, వస్తే తప్పకుండా చూపించుకుంటాను. "అమ్మా" అనడానికి ఇంకా మొహమాటంగానే ఉంది.

#23 పరిప్రశ్న

అందరూ ఇంత రాసినందుకు కృతజ్ఞతలు. ఒక చిన్న అనుమానం మిగిలింది. పాదాల మీద కొంచెంసేపు మనసు నిలిచాక దానంతట అదే పాదాలు మసకబారి, ఊరికే ఉన్నట్టు అవుతోంది. నిద్ర కాదు, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. అప్పుడు మళ్ళీ పాదాలను బలవంతంగా తెచ్చుకోవాలా, అలాగే వదిలేయాలా?

#24 శ్రీపాదరేణువు

తెచ్చుకోండి. ప్రేమగా, బలవంతంగా కాదు.

#25 అద్వైతబాట

వదిలేయండి. ఆలోచన మొదలైతే అప్పుడు పాదాల దగ్గరికి రండి.

#26 సందేహాలరావు

ఇదిగో, మళ్ళీ మొదలు! 

పరిప్రశ్న గారూ, మీ గురువు ఎవరైనా ఉంటే వారిని అడగండి, లేకపోతే ఈ ఇద్దరూ మిమ్మల్ని చెరో చెయ్యీ పట్టుకుని లాగేస్తారు. నాకు మాత్రం గీతాపాఠం గారితో పని ఉంది. 12వ అధ్యాయం 12వ శ్లోకంలో అభ్యాసం కంటే జ్ఞానం మేలు, జ్ఞానం కంటే ధ్యానం మేలు, ధ్యానం కంటే కర్మఫలత్యాగం మేలు అని ఉంది కదా. మరి ధ్యానంలో రూపమా అరూపమా అని ఇంత కొట్టుకోవడం దేనికి? రెండింటికంటే పైది వేరే ఉందిగా?

#27 గీతాపాఠం

మంచి చోట పట్టుకున్నారు. శంకరులు అక్కడ ఏమన్నారంటే, ముందు చెప్పిన సాధనలు చేయలేక కర్మలోనే ఉన్నవాడికి ఉత్సాహం కలిగించడానికి ఫలత్యాగాన్ని స్తుతించారని. నిజంగా అది ధ్యానం కంటే పైమెట్టు అని కాదు. వరస చూడండి. ఎనిమిదో శ్లోకంలో నాలోనే మనసు పెట్టు అన్నాడు. కుదరకపోతే అభ్యాసం చెయ్యి, అదీ కుదరకపోతే నా కోసం పనిచెయ్యి, అదీ కుదరకపోతే ఫలం వదిలెయ్యి అని పదకొండు దాకా దిగుతూ వచ్చాడు. అడుగు మెట్టుకు వచ్చి, దాన్నే పన్నెండులో పొగిడాడు.

దాన్ని అక్షరాలా తీసుకునే వ్యాఖ్యాతలు కూడా ఉన్నారు. నాకు శంకరుల మాటే సబబనిపిస్తుంది. అయితే 13 నుంచి వచ్చే భక్తుడి లక్షణాలు, ఎవరినీ ద్వేషించకపోవడం, మైత్రి, కరుణ, ఓర్పు, వీటిలో రూపం ప్రస్తావనా లేదు, అరూపం ప్రస్తావనా లేదు. 12వ అధ్యాయం మొత్తం 20 శ్లోకాలే, ఒక్క కూర్చోవడంలో చదివేయొచ్చు. కర్మఫలత్యాగం మీద విడిగా ఒక టాపిక్ తెరిచాను, సందేహాలరావు గారూ, మిగతాది అక్కడ అడగండి.